తవ్వకుండా చేసిన పని: 400 ఎకరాలు, 43 రాతి వలయాలు

పురావస్తు పని చేస్తానని చెప్పగానే ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "ఎక్కడ తవ్వుతున్నారు?" సొంతంగా పని మొదలుపెట్టి ఎనిమిదేళ్లయింది. ఈ ఎనిమిదేళ్లలో నేను ఒక్క గుంట కూడా తవ్వలేదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం తవ్వకం అనుమతి భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి రావాలి. ఆ అనుమతి మామూలుగా రాష్ట్ర శాఖలకో, యూనివర్సిటీలకో, పరిశోధన సంస్థలకో దక్కుతుంది. ఇంట్లో ఒక గదిని ఆఫీసు చేసుకుని పని చేసే ఒంటరి మనిషి చేతిలోకి అది రాదు.

అంతకుముందు కొన్నేళ్లు తవ్వకాల్లో కాంట్రాక్టు మీద ట్రెంచ్ సూపర్వైజర్‌గా, అంటే ఒక తవ్వకపు గుంతలో పని చూసే మనిషిగా, చేశాను. సీజన్ ముగిస్తే జీతం ముగిసేది. మళ్లీ పిలుపు వచ్చేదాకా ఇంట్లో కూర్చోవాలి. అందుకే తవ్వకం అవసరం లేని పనులు పట్టుకున్నాను: నేల మీద నడిచి చేసే సర్వే, శాసనాలకు అచ్చులు తీయడం, కుండపెంకుల బొమ్మలు గీయడం, చిన్న మ్యూజియంలకు కేటలాగు తయారు చేయడం, రిపోర్టులు రాయడం. వాటిలో ఒక పనిని మొదటి ఫోన్ కాల్ నుంచి చివరి పైసా వరకు ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఒక తప్పు ఉంది. దానివల్ల ఒక సమాధి వలయం (పాత సమాధి చుట్టూ గుండ్రంగా పెట్టిన రాళ్లు) దాదాపు సగం పోయింది. ఈ దారిలోకి రావాలనుకునే వాళ్లకు ఆ తప్పు తెలియాలి.

పని ఎలా వచ్చింది

పాత కర్నూలు జిల్లా మెట్ట నేలలో 400 ఎకరాల్లో సోలార్ ప్లాంటు కట్టాలని ఒక కంపెనీ అనుకుంది. ఊరి పేరు రాయను. కారణం తర్వాత చెబుతాను.

2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద అనుమతి కావాల్సిన ప్రాజెక్టులు చాలా ఉన్నాయి. సోలార్ ప్యానెళ్ల ప్లాంట్లకు మాత్రం ఆ అనుమతి అక్కర్లేదని కేంద్రం చెప్పింది. అంటే నేల మీద పాత ఆనవాళ్లు ఉన్నాయా అని ముందుగా చూసే బాధ్యత ఆ దారిలో ఎవరి మీదా పడదు. ఇక మిగిలింది కట్టడాల చట్టం. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ తర్వాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010 సవరణ తెచ్చిన లెక్క ఇది. మా స్థలానికి దరిదాపుల్లో కేంద్ర రక్షణలోని కట్టడం ఒక్కటీ లేదు. చట్టం వరకు కథ అక్కడితో అయిపోయినట్టే.

నన్ను పిలిపించింది అప్పు ఇచ్చే బ్యాంకు. విదేశీ నిధులు తెచ్చే రుణదాతలు చాలామంది ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఇంటర్నేషనల్ ఫైనాన్స్ కార్పొరేషన్ ప్రమాణాలను షరతుగా పెడతారు. ఆ ఎనిమిది ప్రమాణాల్లో చివరిది సాంస్కృతిక వారసత్వం గురించి. జాబితాలో ఉన్నా లేకపోయినా, భూమిలో ఏముందో అర్హత ఉన్నవాళ్లతో చూపించమని అది అడుగుతుంది. పర్యావరణ రిపోర్టు రాస్తున్న ఒక కన్సల్టెన్సీకి అలాంటి మనిషి కావాల్సి వచ్చి నాకు ఫోన్ చేశారు.

"రెండు రోజులు చాలు మేడం. చుట్టుపక్కల రక్షిత కట్టడాలు లేవని రాసిస్తే సరిపోతుంది."

ఒప్పుకునే ముందు ఒక రాత్రి గడువు అడిగాను. ఆ రాత్రి పాత ఉపగ్రహ చిత్రాలు ఏడాది వెంట ఏడాది తిప్పి చూశాను. వేసవిలో తీసిన ఒక చిత్రంలో, స్థలానికి ఉత్తరాన ఉన్న మిట్ట మీద, ముగ్గు కోసం పెట్టిన చుక్కల్లా గుండ్రటి మచ్చలు కనిపించాయి. అన్నీ దాదాపు ఒకే సైజు. సర్వే ఆఫ్ ఇండియా పటంలో ఆ మిట్టకు పేరు లేదు. రెవెన్యూ రికార్డులో పక్క చేను పేరు మాత్రం "గుళ్లకాడి చేను" అని ఉంది. ఆ ఊళ్లో అటువైపు గుడి లేదు. తెలుగు నేల మీద ఇనుప యుగంలో పెద్ద రాళ్లతో కట్టిన బృహత్ శిలాయుగపు సమాధులను జనం రాకాసి గుళ్లు అనో, పాండవుల గుళ్లు అనో పిలుస్తారు. గుడి లేని చోట చేనుకు గుళ్ల పేరుంటే చెప్పులు వేసుకుని బయల్దేరాల్సిందే.

పొద్దున్నే ఫోన్ చేసి 14 రోజులు ఫీల్డులో, 10 రోజులు రిపోర్టుకు కావాలన్నాను. బేరం సాగి సాగి 9, 8 రోజుల దగ్గర ఆగింది. రోజుకు 6,000 రూపాయల చొప్పున 1,02,000. దారి ఖర్చులు, సహాయకుల కూలి వేరే.

ఒప్పందంలో రెండు వాక్యాల కోసం నాలుగు రోజులు వాదించాను. వాళ్లు పంపిన పత్రంలో సమాచారమంతా వాళ్ల సొంతం, మూడో మనిషికి ఇవ్వకూడదు అని ఉంది. "దొరికిన స్థలాల జాబితా రాష్ట్ర పురావస్తు శాఖకు ఒక కాపీ ఇస్తాను" అని నేను చేర్చమన్నాను. రెండోది, నా పేరు మీద వెళ్లే భాగంలో నాకు తెలియకుండా ఒక్క మాట కూడా మార్చకూడదు అని. మొదటిదానికి ఊరికే సణిగారు. రెండోదానికి మాత్రం గట్టిగా అడ్డం తిరిగారు. అది ఎందుకు ముఖ్యమో అప్పటికి వాళ్లకు నాకంటే బాగా తెలుసేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. చివరికి రెండూ చేరాయి. కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది, రేటు దగ్గర వెయ్యి తగ్గినా తగ్గండి, ఈ రెండు వాక్యాల దగ్గర తగ్గకండి.

ఊళ్లో మొదటి రోజు

ఫిబ్రవరి రెండో వారంలో వెళ్లాం. వేరుశెనగ పీకేశారు, గడ్డి ఎండిపోయింది, నేల కనిపిస్తుంది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి చిన్న రాయికి కూడా పొడుగు నీడ ఇస్తుంది. సర్వేకు ఇదే మంచి కాలం.

ఎం.ఏ. చదువుతున్న ఇద్దరు విద్యార్థులు, ఊరి కుర్రాళ్లు ఇద్దరు, నేను. పనికి ముందు పంచాయతీ ఆఫీసుకు వెళ్లి సర్పంచ్‌ని కలిశాం, పోలీస్ స్టేషన్లో కాగితం ఇచ్చాం, సాయంత్రం దండోరా వేయించాం. రాయలసీమలో కొత్త మనుషులు చేతిలో పరికరాలు పట్టుకుని గుట్టల మీద తిరిగితే ఊరివాళ్లకు వచ్చే మొదటి అనుమానం, గుప్త నిధుల ముఠా అని. ఆ అనుమానంలో తప్పేమీ లేదు. ఆ ముఠాలు నిజంగానే తిరుగుతున్నాయి. ఈ స్థలంలోనే నేను లెక్కపెట్టిన 43 వలయాల్లో 17 వలయాల నడిమధ్య గుంత ఉంది. కొన్ని గుంతల్లో నిమ్మకాయలు, కుంకుమ పొట్లాలు దొరికాయి. ఊరి పేరు రాయనన్నది ఇందుకే. శాఖకు ఇచ్చిన జాబితాలో అక్షాంశ రేఖాంశాలు పూర్తిగా ఉన్నాయి. అందరూ చదివే చోట మాత్రం రాయను.

పంచాయతీలో ఒక పెద్దాయన సూటిగా అడిగాడు. "ఏమన్నా దొరికితే మీరు తీసుకుపోతారా, మాకిస్తారా?"

ఇద్దరికీ కాదని చెప్పాను. 1878 నుంచి ఉన్న నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి. మేము తవ్వం, ఏరం, కుండపెంకు దొరికినా ఫోటో తీసి అక్కడే వదిలేస్తాం అన్నాను. ఆయన నమ్మలేదు. మూడో రోజు మా వెనకే మిట్ట ఎక్కి మధ్యాహ్నం దాకా కూర్చుని చూశాడు. నాలుగో రోజు మజ్జిగ పంపించాడు.

నడక లెక్క

400 ఎకరాలంటే దాదాపు 162 హెక్టార్లు. మనిషికి మనిషికి 20 మీటర్ల ఎడం పెట్టి వరసగా నడిస్తే మొత్తం దూరం 81 కిలోమీటర్లు వస్తుంది. నలుగురం నడిచి, ఒకరు రాసుకుంటూ వస్తే రోజుకు 16 కిలోమీటర్లు పూర్తవుతుంది. రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు గంట పని. నేల చూస్తూ, ఆగుతూ, కంప దాటుతూ నడిస్తే అదే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పడుతుంది. అలా ఐదు రోజులు నడక, మూడు రోజులు వలయాలు ఒక్కొక్కటీ రాసుకోవడం, ఒక రోజు డ్రోన్. తొమ్మిది రోజుల లెక్క అదీ. బేరంలో ఈ లెక్క కాగితం మీద చూపిస్తే ఎదుటివాళ్లు రెండు రోజుల మాట ఎత్తరు. "నాణ్యత కోసం" అంటే ఎవరూ వినరు, కిలోమీటర్లు చెబితే వింటారు.

డ్రోన్ 250 గ్రాముల లోపుది. 2021 నియమాల్లో ఆ తరగతికి పైలట్ సర్టిఫికెట్ అడగరు. ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల గ్రీన్ జోన్‌లో ఉన్నామో లేదో మ్యాప్‌లో చూసుకోవాలి.

రాళ్ల కుప్పకు, సమాధికి తేడా ఎలా తెలుస్తుందని కంపెనీ ఇంజనీరు అడిగాడు. మంచి ప్రశ్న. రైతు చేను బాగుచేసి పోసిన రాళ్లు గట్టు పక్కన ఉంటాయి, చిన్నా పెద్దా కలిసిపోయి ఉంటాయి. సమాధి వలయంలో రాళ్లు పెద్దవి, ఇద్దరు ముగ్గురు కలిసి దొర్లించాల్సినంత గుండ్లు. వాటి మధ్య ఎడం ఒకేలా ఉంటుంది. వలయం లోపల చిన్న రాళ్లు పేర్చి ఉంటాయి, నడుమ కొంచెం ఉబ్బు కనిపిస్తుంది. నేల కోసుకుపోయిన చోట నిలువుగా పాతిన బండల అంచులు బయటికి వస్తాయి. అవి కింద ఉన్న రాతి పెట్టె గోడలు. ఇక్కడ వలయాలు చాలావరకు 8 నుంచి 12 మీటర్ల అడ్డకొలత ఉన్నవి. రెండు మాత్రం 14 దాటాయి.

కుండపెంకుల కోసం నేను ముందు చూసేది ఎలక బొరియలు, చెదపుట్టలు. నేను తవ్వకూడని మట్టిని అవి పైకి తెచ్చి పెడతాయి. 11వ వలయం దగ్గర బొరియ ముందు పోసిన మట్టిలో అరచేతిలో సగం ఉన్న పెంకు కనిపించింది. లోపల నలుపు, అంచు నలుపు, కింద బయటివైపు ఎరుపు, ఒళ్లంతా నునుపు మెరుగు. నలుపు ఎరుపు కుండ. కాల్చేటప్పుడు గాలి తగలని భాగం నల్లబడి, తగిలిన భాగం ఎర్రబడుతుంది. కుండను బోర్లించి కాల్చితే ఇలా వస్తుందని చాలామంది పండితుల మాట. ఇన్నేళ్లుగా ఎన్నో చూశాను, అయినా బొరియ మట్టిలో ఆ మెరుపు కనిపించినప్పుడు నా చేయి ఇప్పటికీ కాస్త వణుకుతుంది. ఎవరో తమ ఇంటి మనిషి పక్కన పెట్టిన కుండ అది. కొలబద్ద పెట్టి ఫోటో తీసి, ఉన్నచోటే ఉంచి లేచాను.

పాటిమీద

ఐదో రోజు మిట్ట కింద వంకలో గొర్రెలు మేపుతున్న ఒక తాత పలకరించాడు.

"ఏం చూస్తాండారమ్మా ఆ రాళ్లల్లో?"

"పాత సమాధులు తాతా. మీరేమంటారు వీటిని?"

"పాండవుల గుళ్లంటాం. ఆడ ఎనుములు గూడ పండుకోవు. మా నాయిన చిన్నప్పుడు ఆడికి పోనిచ్చేవాడు కాదు." కాసేపాగి మళ్లీ అన్నాడు. "సచ్చినోళ్లను చూస్తాండారు, మరి బతికినోళ్ల ఊరు చూసినారా? పాటిమీద పోయి చూడండి, అడుగు పెడితే పెంకులే."

పాటి అంటే పాత ఊరి దిబ్బ. బూడిద రంగు మట్టి, పెంకులు, ఎముకల ముక్కలు. మన రైతులకు ఆ మన్ను బలమని తెలుసు, తోలుకెళ్లి చేలల్లో చల్లుకుంటారు. శ్మశానం దొరికిన చోట ఊరు దొరకడం అరుదు. దొరికితే, అక్కడ బతికినవాళ్లకు, ఇక్కడ పాతిపెట్టినవాళ్లకు లంకె కుదురుతుంది. అయితే తాత చూపించిన పాటి ప్రాజెక్టు సరిహద్దుకు 600 మీటర్లు బయట, ఒక రైతు సొంత చేనులో ఉంది. నా పనిలో అది లేదు. ఎవరూ డబ్బివ్వరు.

ఆదివారం సెలవు తీసుకుని నా ఖర్చుతో వెళ్లాను. తాత కూడా వచ్చాడు. రెండెకరాల మేర బూడిద నేల, మిట్ట మీద చూసిన అవే నలుపు ఎరుపు పెంకులు. ఒక పక్క ట్రాక్టర్లు తోడేసిన గోతులు. గోతి గోడలో ఒకదాని మీద ఒకటి మూడు బూడిద పొరలు స్పష్టంగా కనిపించాయి. ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాను. ఒక్క ట్రెంచ్, రెండు మీటర్లు, సరిగ్గా తవ్వితే ఈ ఊరి వయసు తెలుస్తుంది. నాకు ఆ అధికారం లేదు. గోడను ఫోటో తీసి, కొలిచి, బొమ్మ గీసుకుని వచ్చాను. రైతుతో మాట్లాడాను. మన్ను తోలడం ఆపమని చెప్పే హక్కు నాకు లేదని ముందే చెప్పి, ఆ మట్టిలో ఏముందో వివరించాను. "ఈ ఏడు తోలనమ్మా. వచ్చే ఏడు సంగతి చెప్పలేను" అన్నాడు. అంత నిజాయితీగా మాట్లాడిన వాళ్లు ఆ మొత్తం పనిలో తక్కువ.

సొంతంగా పనిచేసేవాళ్లకు ఇలాంటి రోజులు ఎక్కడా బిల్లు కావు. కానీ రిపోర్టుకు బలం ఇచ్చింది ఆ ఆదివారమే. మిట్ట మీద రాళ్లు "ఎవరివో" కావు, పక్కనే ఊరు ఉంది అని చూపించగలిగాను. బ్రిటిష్ కాలంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ కూడా ఇలాగే చేశాడు. ఆయన భూగర్భ శాఖలో ఉద్యోగి. రాళ్ల సర్వే కోసం ఇదే జిల్లాలన్నీ నడిచాడు. దారిలో కనిపించిన రాతి పనిముట్లు, పెంకులు ఏరి ఏది ఎక్కడ దొరికిందో రాసిపెట్టాడు. 1904లో మద్రాసు మ్యూజియానికి చేరిన ఆయన సేకరణను ఈనాటికీ వాడుతున్నాం. జీతం దేనికి వచ్చినా కళ్లు మూసుకుని నడవలేదు.

ఒక వాక్యం మీద గొడవ

డ్రాఫ్ట్ రిపోర్టులో ఇలా రాశాను: "43 రాతి వలయాలు. లక్షణాలను బట్టి ఇనుప యుగపు సమాధులు. కాలం స్థూలంగా క్రీస్తు పూర్వం వెయ్యి నుంచి క్రీస్తు శకం తొలి శతాబ్దాల మధ్య." కన్సల్టెన్సీ నుంచి తిరిగి వచ్చిన ఫైల్లో అది "మూలం తెలియని రాళ్ల కుప్పలు" అయింది. మిగతా అంతా అలాగే ఉంది.

ఫోన్లో చాలా మర్యాదగా మాట్లాడారు. తవ్వకుండా సమాధులని ఎలా చెప్పగలరు? ఎవరైనా అడిగితే రుజువు ఉందా? క్లయింట్ కంగారు పడతాడు, తర్వాత ఇంకో మూడు ప్రాజెక్టులు ఉన్నాయి, అన్నీ మీకే ఇద్దామనుకుంటున్నాం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడు ప్రాజెక్టులంటే నాకు దాదాపు ఏడాది బతుకు. నెల జీతం ఉన్నవాళ్లకు ఆ టెన్షన్ అర్థం కాదు. కానీ బొరియ ముందు పెంకు కళ్ల ముందు మెదిలింది. "రాళ్ల కుప్ప" అని రాస్తే దాన్ని తీసేయడానికి జేసీబీకి అరగంట చాలు, కాగితం మీద నేరమేమీ ఉండదు. కింద నా సంతకం ఉంటుంది.

పొద్దున వాక్యాన్ని నేనే మళ్లీ రాశాను. తవ్వకం జరగలేదు కాబట్టి లోపల ఏముందో ఖాయంగా చెప్పలేమని ముందే ఒప్పుకున్నాను. ఆ తర్వాత, వలయాల తీరు, బండల అంచులు, 11, 19, 30 నంబర్ల దగ్గర నలుపు ఎరుపు పెంకులు, 600 మీటర్లలో పాటి, ఇవన్నీ కలిపి చూస్తే సమాధులు కాకుండా వేరే వివరణ నిలవదని రాశాను. వలయాల ఫోటోలు వరసగా పెట్టాను. ఒప్పందంలోని రెండో వాక్యం గుర్తుచేస్తూ మెయిల్ పంపాను. వాళ్లు ఒప్పుకున్నారు. ఆ మూడు ప్రాజెక్టులు నాకు రాలేదు.

రాళ్లను జరిపే మాట

కంపెనీ నుంచి వచ్చిన మొదటి ఆలోచన, వలయాలన్నీ తీసి గేటు దగ్గర పార్కులో అమర్చడం. చెడు ఉద్దేశం లేదు, బోర్డు కూడా పెడతామన్నారు. ఇంజనీరు నాగార్జునకొండ ఉదాహరణ చెప్పాడు. సాగర్ నీళ్లలో మునిగే ముందు అక్కడి కట్టడాలను తరలించారు కదా అని.

తరలించారు, నిజమే. కానీ దానికి ముందు 1954 నుంచి 1960 దాకా ఆరేళ్లు ఆ లోయంతా తవ్వి, గీసి, రాసి పెట్టారు. ఆనకట్ట తప్పదు కాబట్టి చేసిన పని అది. ఇక్కడ రాయి ఎత్తడమంటే తవ్వడమే, దానికి అనుమతి కావాలి. పైగా సమాధి అంటే కింద ఉన్న పెట్టె, ఎముకలు, కుండలు, వాటి అమరిక. పైన రాళ్లు తీసుకెళ్లి పార్కులో గుండ్రంగా పెడితే అది తోట అలంకారం అవుతుంది.

నేను పట్టుకున్న దారి వేరే. లేఅవుట్ మ్యాప్ తెప్పించుకుని, వలయాలు దాని మీద గుర్తుపెట్టి తీసుకెళ్లాను. 31 వలయాలు ఆరెకరాల మిట్ట మీదే ఉన్నాయి. అది రాతి నేల. ప్యానెళ్ల స్తంభాలు దిగాలంటే ఒక్కో గుంతకు ముందు డ్రిల్లింగ్ చేయాలి. "ఈ ఆరెకరాలు మీకు ఎలాగూ ఖర్చే" అని చూపించాను. మిట్ట మొత్తం వదిలేశారు. మిగతా 12లో ఎనిమిదింటిని వరసల మధ్య ఖాళీల్లో సర్దారు. నాలుగు సబ్‌స్టేషన్ స్థలంలో పడ్డాయి. దాన్ని 60 మీటర్లు తూర్పుకు జరిపారు. రెండు గంటల మీటింగులో తేలిపోయింది. చట్టం, సంస్కృతి గురించి నేను మాట్లాడింది పది నిమిషాలు. మిగతా అంతా డ్రిల్లింగ్ రేట్లు, కేబుల్ పొడవులు. మన గడ్డ మీద వేల సంఖ్యలో ఉన్న ఇలాంటి సమాధుల్లో చాలావాటికి ఏ రక్షిత జాబితాలోనూ చోటు లేదు. తెలంగాణలోని ముడుమాల నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కినందుకు గుండె నిండింది. మిగతావాటికి మాత్రం ఇలా ఒక్కో మ్యాప్ ముందు కూర్చుని చోటు అడగాల్సిందే.

27వ వలయం

ఇక నా తప్పు.

ప్రతి వలయానికీ నేను ఇంజనీర్లకు ఇచ్చింది మధ్య బిందువు ఒక్కటే, చేతి జీపీఎస్‌తో తీసినది. ఆ పరికరం 3 నుంచి 5 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఆ ప్రాంతం 78 డిగ్రీల రేఖాంశానికి ఆనుకుని ఉంది. మ్యాప్ జోన్లు (పటాల కోసం భూమిని విడగొట్టిన నిలువు పట్టీలు) 43, 44 మారేది అక్కడే కాబట్టి ఆ మార్పిడిలో తప్పు రాకుండా చూడటం మీదే నా ధ్యాసంతా పెట్టాను. అది సరిగ్గానే చేశాను. పరికరం చూపే ఆ చిన్న తేడాను మాత్రం పట్టించుకోలేదు.

వాళ్లు ప్రతి బిందువు చుట్టూ 10 మీటర్లు వదిలారు. 27వ వలయం అడ్డకొలత 14 మీటర్లు, అంటే మధ్య నుంచి అంచుకు 7. బిందువు 5 మీటర్లు పక్కకు పడింది. కేబుల్ కాలువ మ్యాప్‌లో 10 మీటర్ల దూరంలో ఉంది, నేల మీద అసలు మధ్యకు 5 మీటర్లలోకి వచ్చింది. వలయాన్ని కోసేసింది.

మాతో నడిచిన ఊరి కుర్రాడు ఒకడు అప్పటికి ఆ సైట్‌లో సెక్యూరిటీ గార్డుగా చేరాడు. కాలువ మట్టిలో నలుపు ఎరుపు పెంకులు చూసి, జేసీబీకి అడ్డం నిలబడి, నాకు ఫోన్ చేశాడు. "మేడం, మన ఇరవై ఏడు పోతాంది, బిరీన రాండి." అనుకోకుండా ఏదైనా బయటపడితే పని ఆపాలనే పద్ధతి నా రిపోర్టులో ఒక పేజీ ఉంది. దాన్ని నిజంగా అమలు చేసింది ఆ కుర్రాడే. నేను సాయంత్రానికి చేరాను. వలయంలో 22 రాళ్లకు 13 మిగిలాయి. కాలువ గోడలో ఒక నిలువు బండ అంచు తెల్లగా విరిగి కనిపించింది.

రాష్ట్ర శాఖకు అదే రాత్రి రాశాను. ఒక అధికారి వచ్చి చూసి, బయటపడ్డ పెంకులకు జాబితా రాసి తీసుకెళ్లారు. ఆయన చెప్పినట్టే కాలువ గోడలను ఇసుకతో కప్పి పూడ్చారు, కేబుల్ వేరే దారిన వెళ్లింది. సవరించిన రిపోర్టులో తప్పు నాదేనని, ఎలా జరిగిందో ఈ కొలతలతో సహా రాశాను. ఆపరేటర్ మీదకు నెట్టేస్తే సులువుగా పోయేది. అతనికి ఇచ్చిన మ్యాప్ ప్రకారమే అతను తవ్వాడు.

అప్పటి నుంచి బిందువులు ఇవ్వడం మానేశాను. వలయం బయటి అంచు మొత్తం చుట్టూ నడిచి, డ్రోన్ చిత్రంతో సరిచూసి, అంచు గీత ఇస్తాను. వదలాల్సిన దూరం ఆ అంచు నుంచి లెక్క. నేల మీద సున్నం గీత వేయించి కొయ్యలు పాతిస్తాను. మెషిన్ దిగే మొదటి రోజు నేను అక్కడ ఉంటాను, ఆ రోజు కూలి ఒప్పందంలో ముందే రాయించుకుంటాను. ఈ నాలుగు పనులకు అయ్యే ఖర్చు ఒక పనికి మూడు రోజులు. ముందే చేసి ఉంటే 27 నిలిచేది.

డబ్బు సంగతి

1,02,000లో 40 శాతం ముందే వచ్చింది, 30 శాతం ఫీల్డు పని అయ్యాక. చివరి 30,600 బ్యాంకు రిపోర్టు ఆమోదించాకే అన్నారు. నాలుగు నెలలు పట్టింది. ఫీజులో పది శాతం టీడీఎస్ కోసుకున్నారు, అది రిటర్ను వేశాక వెనక్కి వచ్చింది. కంప కొట్టించాక మళ్లీ నడిచిన రోజులు, పాటి ఆదివారం, మీటింగులు, 27 కోసం వెళ్లినవి అన్నీ కలిపితే ఒప్పుకున్న 17 రోజులు 29 అయ్యాయి. రోజుకు 6,000 అనుకున్నది 3,500 చిల్లర పడింది. ఇప్పుడు చివరి వాయిదాను 10 శాతానికి తగ్గించాను. దాన్ని మూడో మనిషి ఆమోదంతో ముడిపెట్టను. రిపోర్టు అందిన 30 రోజుల్లో ఇవ్వాలి.

ప్లాంటు నడుస్తోంది. ఏటా తొలకరి పడ్డాక ఒకసారి నా ఖర్చుతో వెళ్తాను. వాన మట్టిని కడిగేశాక కొత్త పెంకులు, కొత్త గుంతలు రెండూ తెలుస్తాయి. అవే చోట్ల నిలబడి అవే కోణాల్లో ఫోటోలు తీసి, పాతవాటితో పోల్చి, శాఖకు ఒక పేజీ పంపుతాను. కంచె పడ్డాక నిధుల వేటగాళ్లు మిట్ట మీదకు రావడం ఆగింది. రెండేళ్లలో కొత్త గుంత ఒక్కటీ లేదు. పాటి చేను రైతు మొదటి ఏడు మాట నిలుపుకున్నాడు. రెండో ఏడు పడమటి అంచు నుంచి పది ట్రాక్టర్ల మన్ను పోయింది. తోలే ముందు నాకు ఫోన్ చేశాడు. తాతను వెంటబెట్టుకుని వెళ్లి, కొత్తగా తెగిన గోడను కొలిచి వచ్చాను. అందులో బూడిద పొరలు మూడు కాదు, నాలుగు.